సున్నం సార్జెంటు పోగొట్టుకున్న కోపం

సార్జెంటుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, సగం మాట పోయాయని అందరికీ తెలుసు. కోపం కూడా పోయిందని ఆయన భార్యకు మాత్రమే తెలుసు. చేతికీ కాలికీ ఒక డాక్టరు ఉన్నాడు. మాటకు ఒక టీచరమ్మ ఉంది. పోయిన కోపం గురించి చెప్పుకుందామంటే వినే నాథుడు లేడు సరికదా, “ఎంత అదృష్టవంతురాలివమ్మా!” అని ఎదురు అభినందించేవాళ్ళే.

ఆవిడ అదృష్టం ఏపాటిదో తెలియాలంటే ముందు ఆయన సంగతి కాస్త తెలియాలి.

సైన్యంలో ఆయన స్టోరు సార్జెంటు. యుద్ధానికి వెళ్ళాడు, తిరిగొచ్చాడు, పతకం తెచ్చుకున్నాడు. ఏ పెళ్ళి విందులోనో పక్కన కూర్చున్నవాళ్ళు పతకం సంగతి విని, “ఎంతమందిని కాల్చారండీ?” అని ఆశగా అడిగేవారు. “నేను మేజోళ్ళు ఇచ్చానండీ” అనేవాడు. అడిగినవాళ్ళ మొహం చల్లారిన టీలా అయిపోయేది. రాత్రంతా మంచులో నిలబడినవాడికి పొడి మేజోళ్ళ జత అందితే అదెంత సంబరమో, విందులో రెండోసారి వడ్డించుకునేవాడికి ఎలా తెలుస్తుంది?

యుద్ధం లేని రోజుల్లో ఆయనకు ఇంకో పని ఉండేది. పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు అందగానే క్యాంపులో కదలని ప్రతి వస్తువుకూ సున్నం కొట్టించడం. దారి పక్క రాళ్ళు, చెట్ల మొదళ్ళు, నీళ్ళ తొట్లు, జెండా కర్ర చుట్టూ అరుగు. ఒకసారి ఒక తాబేలుకు కూడా కొట్టేశారట. అది కదులుతుందని సున్నం ఆరాకగానీ తెలియలేదు. అలా ఆయనకు సున్నం సార్జెంటన్న పేరు స్థిరపడిపోయింది.

రిటైరై ఇంటికి వచ్చాక ఆయన క్యాంపు మొత్తం భార్య ఒక్కతే. చెప్పులు వరసలో ఉండాలి. దుప్పటి అంచు మంచం అంచుకు సరిపోవాలి. గ్లాసుల పొడుగును బట్టి వాటి హోదా.

“ఇది ఇల్లా, సంతా?” అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు.

“సంతే. బేరం కుదరకపోతే దయచేయండి” అనేది ఆవిడ, తల కూడా తిప్పకుండా.

ఇంకేముంది, టీ మరిగేలోపు ఆయన ఇల్లు పీకి పందిరేసేవాడు. ఆవిడ ఆ పందిరి కింద తాపీగా కూర్చుని కూరగాయలు తరుగుతూ మాటకు మాట అప్పజెప్పేది. వేరే ఇళ్ళలో మొగుడూ పెళ్ళాలు కబుర్లు చెప్పుకుంటారు చూడండి, ఆ ఇంట్లో దాన్నే పోట్లాట అనేవారు. చివరికి గెలిచేది ఆవిడే. ఓడినాయన గొణుక్కుంటూ వెళ్ళి అంట్లు కడిగి, గరిటెలను కూడా వరసలో నిలబెట్టి వచ్చేవాడు.

పక్షవాతం తర్వాత ఆయనకు మిగిలిన మాటలు రెండే. “అలాగే.” “బాగుంది.”

మొదట్లో ఆవిడ నీరసం అనుకుంది. తర్వాత అనుమానం వచ్చింది. పరీక్ష పెట్టింది. చెప్పులు ఒకటి గుమ్మంలో, ఒకటి మంచం కింద పడేసింది. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. దుప్పటి ఉండ చుట్టి కాళ్ళ దగ్గర కుక్కింది. “బాగుంది” అన్నాడు. గోడమీద ఆయన రెజిమెంటు ఫోటోను తలకిందులుగా తగిలించింది. ఆయన దానికేసి చూస్తూ పడుకున్నాడు, అంతే. చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి ఒకరోజు టీలో పంచదార బదులు ఉప్పు వేసి ఇచ్చింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి “బాగుంది” అన్నాడు. ఆ రోజు ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. మనిషి మంచం మీదే ఉన్నాడు. తను ఇంతకాలం పోట్లాడిన మనిషి ఎటుపోయాడో తెలియడం లేదు.

మాజీ సైనికుల ఆసుపత్రిలో కొత్త గది తెరిచారని, అలాంటివాళ్ళ మనసు అక్కడ కుదుటపడుతుందని విని, చక్రాల కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళింది.

ఆ గది పేరు ఇంద్రియ ఉల్లాస మందిరం. ఒకప్పుడు విరిగిన మంచాలు దాచే గది. ఇప్పుడు కిటికీలకు నీలం తెరలు. మూలన మనిషెత్తు గాజు గొట్టంలో నీళ్ళు, అందులో రంగులు మారుతూ పైకి తేలే బుడగలు. బల్ల మీద చిన్న చిన్న వాసన సీసాలు: నారింజ తొక్క, కోసిన గడ్డి, వాన పడ్డ మట్టి, గులాబీ. ఒక ట్రే నిండా ఇసుక. గోడకు పెద్ద చెక్క పలక, దానిమీద గరుకు కాగితం, మెత్తని ఉన్ని, కొబ్బరి పీచు, మఖమలు గుడ్డ, చెట్టు బెరడు అంటించి ఉన్నాయి. వేళ్ళతో తడిమి చూడాలి. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంటే పక్షుల పాటలు. కూర్చుంటే మెల్లగా అదిరే సోఫా కుర్చీ ఒకటి. చూడటం, వినడం, వాసన, స్పర్శ అన్నీ కలిసి మొద్దుబారిన మనసును తట్టి లేపుతాయని థెరపీ అమ్మాయి వివరించింది. ఆ అమ్మాయికి పని మీద నిజమైన ప్రేమ. మాట్లాడేటప్పుడు చేతులు రెండూ పక్షుల్లా ఎగిరేవి.

ఆ అమ్మాయికి తెలియనిది ఒక్కటే. తన ముందున్నవాళ్ళు సైనికులు.

అదిరే కుర్చీలో మేజరుగారు కూర్చున్నారు. ఆయన జబ్బు అందరికంటే తక్కువ, హోదా అందరికంటే ఎక్కువ. ఆయన లేస్తేనే మిగతావాళ్ళకు ఆ కుర్చీ. ఆయన లేవలేదు. పక్షుల పాటలు ఫిరంగి మామకు దక్కాయి. ఫిరంగుల పక్కన బతికిన మనిషికి రెండు చెవులూ ఎప్పుడో పోయాయి. ఎలా ఉందని అడిగితే, “చాలా బాగుందమ్మా, నిశ్శబ్దంగా ఉంది” అన్నాడు. ఇసుక ట్రే, సైన్యం ముందు నడిచి దారులూ వంతెనలూ వేసిన వంతెనల బాబాయి ముందు పెట్టారు. ఆయన ఊపిరి బిగబట్టి, వేలు వాలుగా గుచ్చుతూ, అంగుళం అంగుళం వెతికాడు. “ఎంత సున్నితమైన స్పర్శో!” అని మురిసిపోయింది థెరపీ అమ్మాయి. బాబాయి వెతుకుతున్నది మందుపాతరల కోసం.

చివర్లో థెరపీ అమ్మాయి ఒక అట్ట ముందు పెట్టేది. నవ్వే మొహం నుంచి కోపంతో ఎర్రబడ్డ మొహం దాకా వరసగా బొమ్మలు. “ఇప్పుడు మీ మనసు ఎలా ఉందో చూపించండి.”

పైవాళ్ళు అడిగినప్పుడు అంతా సవ్యమని చెప్పడం సైన్యంలో నేర్పే మొదటి పాఠం. అందరి వేళ్ళూ టకటకా నవ్వే మొహం మీదకే వెళ్ళాయి. సార్జెంటు ఎడమ వేలు కూడా. ఆసుపత్రి డైరెక్టరుగారు ఆ ఫలితాలు చూసి, ఇంత తొందరగా ఇంతమంది ఆనందపడటం వైద్య చరిత్రలోనే లేదన్నారు.

“ఆంటీ, సార్జెంటుగారు ఎంత ప్రశాంతంగా ఉన్నారో!” అంది థెరపీ అమ్మాయి.

“అదేనమ్మా నా బాధ. ఆయనకు కోపం రావట్లేదు.”

“మన లక్ష్యమే అది కదా ఆంటీ!”

ఆవిడ ఏమనగలదు? నా మొగుడు నన్ను తిట్టేలా చేసిపెట్టమని నోరు తెరిచి అడిగితే, ఆ వాసన సీసాలు తనకే పట్టిస్తారేమో.

ఇలా నడుస్తుండగా పైనుంచి కబురొచ్చింది. ముఖ్య కార్యాలయం నుంచి పెద్ద అధికారి గదిని చూడటానికి వస్తున్నారు. నచ్చితే ప్రతి ఆసుపత్రిలోనూ ఇలాంటి గది పెట్టిస్తారు. డైరెక్టరుగారు తలుపులోంచి తొంగిచూసి, “అంతా శుభ్రంగా ఉండాలి” అని, ఎవరితో అంటున్నారో కూడా చూడకుండా వెళ్ళిపోయారు. థెరపీ అమ్మాయి అప్పటికే ఊళ్ళో లేదు. రోగి మాట వినడం ఎలా అనే శిక్షణకు పంపారు.

అదిరే కుర్చీ అదరడం ఆగింది. మేజరుగారు లేచి నిలబడ్డారు.

“ఇన్‌స్పెక్షన్!”

ఆ ఒక్క మాటకు గదిలో జరిగింది చూస్తే, ఇన్ని సీసాల వాసనలూ సిగ్గుపడాలి. కర్రలు నేలకు తాటించి మనుషులు లేచారు. ఫిరంగి మామకు ఎలా వినిపించిందో ఏమో, ఆయనా లేచాడు. కాపలాదారు కూడా మాజీ సైనికుడే. గేటుకు వేయగా మిగిలిన బూడిద రంగు డబ్బాలు, కాస్త తెల్ల రంగు మోసుకొచ్చి పెట్టాడు. ఎందుకని అడగలేదు. ఇన్‌స్పెక్షన్ అంటే ఎందుకని అడిగే సైనికుడు ఇంకా పుట్టలేదు.

ముందుగా బుడగల గొట్టం మీద విచారణ జరిగింది. “బుడగలు వరసలో రావడం లేదు” అని మేజరుగారు తీర్పు చెప్పి దాన్ని ఆపించారు. వాసన సీసాలు ఒలకబోసి, ఫినాయిల్‌తో కడిగి, పొడుగును బట్టి నిలబెట్టారు. వంతెనల బాబాయి ఇసుక మొత్తం వెతికి, “ప్రమాదం లేదు” అని ధ్రువీకరించాక బయట పారబోశారు. ఇక గోడమీది పలక. గరుకు కాగితం, ఉన్ని, పీచు, మఖమలు ఒక్కొక్కటీ ఒక్కో రకంగా ఉండటం ఎవరికీ నచ్చలేదు. బూడిద రంగు దట్టంగా పట్టించి, ఎత్తుపల్లాలు పోయేదాకా మళ్ళీ పట్టించారు.

పనిలో పడ్డవాళ్ళను చూస్తే ఆవిడకు ముచ్చటేసింది. నిన్నటిదాకా చెంచా పట్టుకోలేని చెయ్యి బ్రష్షు పట్టుకుంది. ఫిరంగి మామ ఎవరినో బండబూతులు తిడుతున్నాడు, అదీ ఆనందంగా. ఈ మొత్తం హడావుడిలో సున్నానికి, రంగుకు, తనిఖీకి పేరుపడ్డ మనిషి ఒక్కడే చక్రాల కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“సార్జెంట్! తలుపు మీద బోర్డు నీది” అన్నారు మేజరుగారు. “నీ అక్షరాలు మా అందరికీ తెలుసు.”

“అలాగే.”

అన్నాడు. కదల్లేదు. బ్రష్షు ఆయన ఒళ్ళో పెట్టారు. అది జారి కింద పడింది. పనిచేస్తున్న చేతులు ఒక్కొక్కటే నెమ్మదించాయి. మేజరుగారు గొంతు సవరించుకుని, మొహం పక్కకు తిప్పుకున్నారు.

ఆవిడ కొంగు దోపి బ్రష్షు తీసుకుంది. బోర్డును ఆయనకెదురుగా బల్లకు ఆనించింది. బూడిద రంగు మీద తెల్లగా గది పేరు రాయాలి. మొదటి అక్షరం కావాలనే ఒక పక్కకు ఒరిగేలా రాసింది.

“ఏమండీ, తిన్నగా ఉందా?”

“బాగుంది.”

రెండోది మొదటిదానికంటే రెండింతలు పెద్దది రాసింది. మూడోది బోర్డు కిందికి జారిపోతున్నట్టు రాసింది.

“ఇప్పుడు?”

“బాగుంది.”

“చెల్లెమ్మా, నీకు చదువు వచ్చా?” అన్నాడు వంతెనల బాబాయి, తట్టుకోలేక.

“వచ్చన్నయ్యా. ఇంకా ఘోరంగా రాయడం కూడా వచ్చు” అని, బ్రష్షును రంగులో నిండా ముంచింది. తెల్లరంగు అక్షరం మీంచి కిందికి కారసాగింది.

ఆ కారే రంగును చూస్తూ ఆవిడ ఒక క్షణం ఆగింది. పెళ్ళైన కొత్తలో, ఒకే ఒక్కసారి, ఆయన చెప్పిన సంగతి ఒకటుంది. యుద్ధంలో కొండమీది నుంచి తిరిగిరాని కుర్రాళ్ళను అక్కడే ఖననం చేసేవారు. చేతిరాత బాగుందని చెక్కపలకల మీద వాళ్ళ పేర్లు రాసే పని ఈయనకు అప్పగించారు. తను మేజోళ్ళు ఇచ్చిన కుర్రాళ్ళే. చలికి రంగు ఆరేది కాదు, కారేది. రంగు కారకుండా, అక్షరం వంకరపోకుండా, తుడిచి తుడిచి మళ్ళీ రాశాడు. అది చెప్పాక ఆయన ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇన్నేళ్ళ పోట్లాటలో, ఎంత కోపం వచ్చినా, ఆవిడా ఎత్తలేదు. వాళ్ళిద్దరి మధ్య తాకకూడని చోటు అదొక్కటే.

ఇప్పుడు ఆ చోటు తాకితే మనిషి తిరిగి రావచ్చు. లేదా ఆ మిగిలిన రెండు మాటలు కూడా పోవచ్చు.

“కొండమీద కూడా ఇలాగే రాశారా, రంగు కారిపోతుంటే?” అంది.

ఆయన కళ్ళు బోర్డు మీద ఉన్నాయి. ఎడమచెయ్యి చక్రం మీదికి వచ్చింది. కుర్చీ జానెడు ముందుకు కదిలింది.

“తు... తు...”

“ఏంటండీ?”

“తుడు! తుడిచెయ్! కారుతోంది... కనబడటం లేదా... కళ్ళున్నాయా నీకు!”

మాట ముక్కలుముక్కలుగా వస్తోంది, కానీ గొంతు మాత్రం క్యాంపు అవతలి గేటుదాకా వినబడే ఆ పాత గొంతే. “అక్షరమా అది? పేరు... పేరు వంకర... వాళ్ళమ్మ వచ్చి... చూస్తే?”

కళ్ళలోంచి నీళ్ళు ధారకట్టాయి. ఏడుస్తూనే తిడుతున్నాడు. తిడుతూనే ఏడుస్తున్నాడు. ఆవిడకు ముందు ఆ నీళ్ళు తుడవాలో, మాటకు మాట చెప్పాలో తోచలేదు. తుడిస్తే రోగి అయిపోతాడు.

“నా చదువు ఇంతే. మీకు వస్తే మీరే రాయండి” అంది.

“ఇ... ఇలా ఇయ్యి!”

ఎడమచేత్తో బ్రష్షు లాక్కున్నాడు. మేజరుగారే వంగి బోర్డు పట్టుకున్నారు. సార్జెంటు గుడ్డతో అంతా తుడిచి, మొదటి అక్షరం రాశాడు. బడికి కొత్తగా వెళ్ళిన పిల్లవాడి రాతలా వచ్చింది.

ఆవిడ దగ్గరికి వచ్చి చూసింది. “దీనికంటే నాదే నయం.”

“నోరు... ముయ్యి!”

“ముయ్యను. రాయండి ముందు.”

ఫిరంగి మామ చెవులు రుద్దుకున్నాడు. “ఎవరో అరుస్తున్నట్టున్నారే?” అన్నాడు.

మర్నాడు పెద్ద అధికారి పరివారంతో వచ్చారు. శిక్షణ ముగించుకున్న థెరపీ అమ్మాయి వాళ్ళతోపాటే గదిలో అడుగుపెట్టి, అడుగు వెనక్కు తీసుకుంది. పలక దగ్గరికెళ్ళి తడిమింది. “ఉన్ని... ఉన్ని ఏది? బెరడు ఏది?”

“అన్నిటికీ ఒకే హోదా ఇచ్చాం” అన్నారు మేజరుగారు.

అధికారి ఒక సీసా మూత తీసి వాసన చూశారు. ఫినాయిల్. కళ్ళు మూసుకుని, “దీనివల్ల ఏం కలుగుతుంది?” అన్నారు.

“క్రమశిక్షణ, సార్.”

అధికారి తల పంకించారు. పలక మీద అరచెయ్యి ఆనించి, “స్పర్శ చల్లగా, నున్నగా ఉంది” అన్నారు. అరచెయ్యి బూడిద రంగులోకి మారింది. ఆయన దాన్ని జేబులో పెట్టేసుకున్నారు. ఇంద్రియాలను ఇంత అదుపులో పెట్టిన గది తాను చూడలేదని, అన్ని ఆసుపత్రుల్లోనూ ఇదే రంగు వేయించమని ఉత్తర్వు ఇస్తానని ప్రకటించారు. పరివారం ఆ రంగును కొత్తగా చూసి మెచ్చుకుంది.

తలుపు మీద బోర్డు మాత్రం ఆయనకు నచ్చలేదు. “అదేమిటి, ఎవరో పిల్లలు రాసినట్టుంది?”

“నేను... రాశాను” అంది చక్రాల కుర్చీ. “తప్పుంటే... చెప్పండి.”

డైరెక్టరుగారు గబగబా మొహాల అట్ట తెచ్చి సార్జెంటు ముందు పెట్టారు, నవ్వే బొమ్మ ఆయన వేలికి దగ్గరగా ఉండేలా. సార్జెంటు అట్టను తిన్నగా జరిపాడు. కోపంతో ఎర్రబడ్డ మొహం మీద వేలు పెట్టాడు. గట్టిగా.

“ఏమిటిది?” అన్నారు అధికారి.

“చిన్న వెనకడుగు సార్. ఇప్పుడే సరిచేస్తాం.” డైరెక్టరుగారు వెనకున్న డాక్టరు వైపు చూశారు. డాక్టరు పెన్ను తీసి, ప్రశాంతంగా ఉండటానికి మంచి మాత్ర ఒకటుంది, పూటకొకటి వేస్తే వారంలో మళ్ళీ మునుపటిలా అయిపోతారు అన్నాడు.

మునుపటిలా అంటే ఏ మునుపో ఆవిడకు అర్థమైంది. పరివారాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, కుర్చీకీ డాక్టరుకూ మధ్య నిలబడింది.

“వద్దండీ.”

“చూడండమ్మా, ఆయన ఉద్రేకంలో ఉన్నారు...”

థెరపీ అమ్మాయి కలగజేసుకుంది. శిక్షణలో నేర్పినట్టు ముందు తల ఊపింది, తర్వాత కళ్ళలోకి చూసింది. ఆ తర్వాత అవన్నీ మరిచిపోయి మామూలుగా అడిగింది. “ఆంటీ, నిజంగా మీకు ఆయన కోపమే కావాలా?”

“కోపం ఎవరికి కావాలమ్మా? నాకు ఆయన కావాలి. ఆయనొస్తే అదీ వెంటే వస్తుంది, ఏం చేస్తాం?” అని, డాక్టరు వైపు తిరిగింది. “అంతగా రాయాలనుంటే ఆ మాత్ర నాకు రాయండి. ఇకనుంచి ప్రశాంతంగా ఉండాల్సింది నేనే కదా.”

వెనక నుంచి కుర్చీ గొంతు సవరించుకుంది.

“దానికి... మాత్ర చాలదు డాక్టర్. సీసా... రాయండి.”

అధికారి పెదవి ముందు వణికింది. ఆయన నవ్వాక పరివారం నవ్వింది. పరివారం నవ్వాక డైరెక్టరుగారు నవ్వారు. డాక్టరు పెన్నుకు మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. థెరపీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కిందపడ్డ బ్రష్షు ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడింది.

ఆవిడ కుర్చీ తోసుకుంటూ వరండాలోకి వచ్చింది.

“ఎడం” అన్నాడాయన.

“తెలుసు.”

“ఎడం అంటే... ఇటు!”

“మీ ఎడమా, నా ఎడమా?”

“ఇద్దరం... ఒకవైపే... చూస్తున్నాం కదే! రెండు... ఎడమలు... ఎక్కడివి!”

“అంత తెలిసినవాళ్ళు దిగి మీరే తొయ్యండి. నేను కూర్చుంటా.”

ఆయన నోరు తెరిచాడు. తగ్గ జవాబు లోపలెక్కడో ఉంది, నాలుకకు అందడం లేదు. ఎడమచెయ్యి గాల్లో దాన్ని వెతుకుతోంది. దారిన పోయే నర్సు సాయం చెయ్యబోతే ఆవిడ కళ్ళతోనే వారించింది. కుర్చీని గోడ పక్కగా ఆపి, ఎదురుగా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఊఁ. కానివ్వండి” అంది. ఆవిడకేం తొందర లేదు.